పుట్లరేవు: తొలికడవ నీళ్లు

గంగమ్మ పండుగ నాడు ఇంకా కోడి కూయకముందే తను నడిపే మెస్సు వెనక నీళ్ల డ్రమ్ము దగ్గర చప్పుడైతే, దొంగపిల్లి అనుకుని చీపురు పట్టుకుని పోయింది సునంద. అక్కడ పిల్లి లేదు. మామ చిన్నరాములు ఉన్నాడు. పసుపు పూసి, వేపమండలు కట్టిన తొలికడవను డ్రమ్ములో ముంచి నింపుకుంటున్నాడు. రేవులో దిగి ఏటి నీళ్లతో నింపాల్సిన కడవ అది. ఊరంతా చూస్తుండగా అందులోంచి మూడు దోసిళ్లు తాగి, "ఏరు సల్లగుంది, ఊరు సల్లగుంటది" అని పలకాల్సిన కడవ. కోడలిని చూసి కూడా ముసలాయన కడవ దించలేదు. తుండుగుడ్డ అంచు మూతికి అడ్డం పెట్టుకుని రేవు దిక్కు నడిచిపోయాడు. ఆనాటి నుంచి మామాకోడళ్ల మధ్య ఆ ముచ్చట రాలేదు.

ఇవాళ వచ్చింది. వచ్చింది కూడా ఇంట్లో కాదు, కమాలుద్దీన్ ఫంక్షన్ హాల్లో, మైకు ముందర.

పుట్లరేవు సంగతి తెలియనివాళ్లకు ఒక కడవ కోసం ఇంత రంధి ఎందుకో అర్థం కాదు. ఇది హద్దు మీద పుట్టిన ఊరు. నిజాం జమానాలో ఏటికి అటు గడ్డ ఒక జాగీర్దారుది, ఇటు గడ్డ సర్కారుది. నడుమ పారే ఏరే సరిహద్దు. అటు బెల్లం ఇటు రావాలన్నా, ఇటు ఉప్పు అటు పోవాలన్నా చిన్నరాములు తాతముత్తాతల పుట్టి ఎక్కాల్సిందే. వెదురు అల్లి, తోలు కప్పిన గుండ్రటి పడవ అది. రేవు గట్టున సుంకం నాకా, నాకా చుట్టూ బాటసారులు దిగే సరాయిలు, సరాయిల చుట్టూ అంగడి. బేరంలో తేడా వస్తే ఇక్కడివాళ్లు కచేరీ మెట్లు ఎక్కేవాళ్లు కాదు. వాదులాడుకునే ఇద్దరినీ మోకాటి లోతు నీళ్లలో నిలబెట్టి, పుట్టి నడిపేవాడి చేతి నీళ్లు తాగించి మాట చెప్పించేవాళ్లు. ఆ నీళ్లు తాగి అబద్ధమాడినోణ్ణి ఇంక ఏ పుట్టీ ఎక్కించుకోదు. ఏరు దాటలేనివాడు ఏం వ్యాపారం చేస్తాడు, మన్నా? అందుకే పుట్లరేవులో మాటంటే బండ మీద గీత.

వంతెన వచ్చింది, పుట్టి పోయింది. వంతెన మీదుగా ఫ్యాక్టరీలు వచ్చాయి. సునంద కోడలిగా అడుగు పెట్టింది ఆ వెలుగు రోజుల్లోనే. ఒరియా పిల్లలు, బిహారీ పిల్లలు ఒక్కో గదిలో మంచం మీద మంచం వేసుకుని ఉండేవాళ్లు. ఒకడు షిఫ్టుకు లేస్తే ఇంకొకడు అదే దుప్పట్లో దూరేవాడు. రెండు టాకీసులు, సందుకో మెస్సు, పొద్దుమాపు ఆరని చాయ్ పొయ్యిలు. పటాన్‌చెరులో దొరకనిది పుట్లరేవులో దొరుకుతదని చెప్పుకునేవాళ్లు. అది ఊరు బలిసిన కాలం. బలుపు కాదు, వాపని ఎవరికి తెలుసు?

ఏరు పొద్దున ఎర్రగా పారింది, మాపటికి పచ్చగా పారింది. ముందు చేపలు తేలాయి. తర్వాత చూడి బర్రెలు ఈసుకపోయాయి. ఆ తర్వాత వరి కంకి పట్టినట్టే పట్టి తాలు పోయింది. జనం మొత్తుకుంటే, పరీక్ష చేయిస్తున్నామన్నారు. ఆ పరీక్ష ఏమైందో అడిగితే, ఇంకో పరీక్ష చేయిస్తున్నామన్నారు. ఈలోపు రాయితీలు అయిపోయిన ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే తాళం వేసుకుని ఇంకో జిల్లాకు జరిగాయి. ఏటిని చంపినవాళ్లు శవాన్ని ఊరి నెత్తిన పడేసి, పాణమున్న ఇంకో ఏటిని వెతుక్కుంటూ పోయారు. వాళ్ల వెనక ఒరియా పిల్లలు పోయారు. పిల్లల వెనక చాయ్ పొయ్యిలు ఆరిపోయాయి. టాకీసుల్లో ఒకటి సిమెంటు గోదాము అయింది. రెండోదాంట్లో పావురాలు ఉన్నాయి.

మిగిలింది ఒక్కటే, మందులకు ముడిసరుకు చేసే పెద్ద ఫ్యాక్టరీ. ఏటిని చెడగొట్టిన పాపానికి రోజూ ఊరికి మంచినీళ్లు తెచ్చి పోయాలని దాని మీద కోర్టు తీర్పు ఉంది. సంగారెడ్డి అవతలి పంపుహౌజులో నింపుకొచ్చే ఆ ట్యాంకరే ఊరి గొంతు తడుపుతున్నది. దాన్ని నడిపేది ఎవరో కాదు, సునంద మొగుడు శివశంకర్. ఏటి ఒడ్డు మిల్లులో బాయిలర్ చూసుకున్న మనిషి, ఫ్యాక్టరీలతో పాటు ఆ మిల్లూ మూతపడ్డాక స్టీరింగు పట్టాడు. ట్యాంకరు సందు మలుపు తిరగంగనే ఆడవాళ్లు బిందెలు తీసుకుని, "శివన్న వచ్చిండే!" అని ఉరికొస్తుంటే సునందకు కడుపు నిండినట్టు ఉండేది. ఊరికి ఇంకేం మిగలకపోయినా తన మొగుడు పోసే నీళ్లు మిగిలాయి.

ఇప్పుడు ఆ నీళ్లకే ఎసరు వచ్చింది.

"ఏరు బాగుపడింది. ఇక ట్యాంకరు అవసరం లేదు. చెడిపోయిన ఊళ్ల జాబితాలోంచి పుట్లరేవు పేరు తీసేయండి" అని ఫ్యాక్టరీ అర్జీ పెట్టుకుంది. దాన్ని విచారించడానికి హైదరాబాద్ నుంచి మహిత అనే ఆఫీసరమ్మ వచ్చింది. చిన్న వయసు, ముఖంలో నిద్ర చాలని అలసట. ఆమె పక్కన ఫ్యాక్టరీ మేనేజరు చలపతిరావు. ఎదురుగా ఏసీ లేక ఉడుకుతున్న జనం.

హాలు కమాలుద్దీన్‌ది. ఒకప్పుడు నెలకు ఇరవై నిఖాలు, పెండ్లిళ్లు జరిగిన హాలు. ఇప్పుడు గోడల నుంచి సున్నం రాలుతున్నది. "షాదీలు లేవు, ఇగ సర్కారు మీటింగులకే కిరాయి" అంటూ కుర్చీలు తుడుస్తున్నాడు పెద్దాయన. సునందను చూసి, "బేటీ, ముందల కూసో. వెనక కూసున్నోళ్ల మాట వెనకనే ఉంటది" అన్నాడు.

సునంద ముందు వరసలో కూర్చుంది. పక్కన కూరగాయలమ్మే దేవమ్మ. శివశంకర్ లోపలికి రాలేదు. తలుపు దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బయట వేపచెట్టు కింద ట్యాంకరు నిలిపి ఉంది, నిండుగా, ఇంకా పంచని నీళ్లతో. పొద్దున ఇంట్లోనే ఆమె అడిగింది అతన్ని.

"ట్యాంకరు బందయితే ముందుగల్ల రోడ్డున పడేది నువ్వే. నువ్వు మాట్లాడవా?"

"నాదేం నడుస్తది? కంపినీ ముంగట డ్రైవరెంత? నువ్వు గూడ పెద్దగ లొల్లి చెయ్యకు" అని చెప్పులేసుకున్నాడు. కొలువు పోతుంటే కూడా నోరు తెరవని మొగుణ్ణి చూస్తే ఆమెకు ఒళ్లు మండింది.

చలపతిరావు లేచాడు. మెత్తటి మనిషి, మెత్తటి గొంతు.

"అమ్మా, అయ్యా, మేమూ మనుషులమే. తప్పు జరిగినప్పుడు ఒప్పుకున్నాం, ఇన్నేళ్లు నీళ్లు పోశాం. కోట్లు పెట్టి శుద్ధి ప్లాంటు కట్టాం. ఇప్పుడు మీ ఏరు మళ్లీ మీ ఏరైంది."

"సారూ," దేవమ్మ కూర్చున్నచోటి నుంచే అరిచింది, "మరి నీ బల్ల మీది సీసా నీళ్లు ఏ ఏటియి?"

హాలు గొల్లుమంది. ఆఫీసరమ్మ కూడా పెదవి బిగబట్టుకుంది. చలపతిరావు నవ్వాడు, దెబ్బ తగలనట్టే.

"నా మాట నమ్మొద్దమ్మా. మీ మాటే నమ్ముదాం. ఒక్కసారి ఆ తెర చూడండి."

గోడ మీద తెల్లగుడ్డ వెలిగింది. డప్పుల మోత. గులాలు. గంగమ్మ పండుగ! రేవు మెట్లు దిగుతున్న చిన్నరాములు, నెత్తి మీద తొలికడవ. తమ ఊరు, తమ పండుగ, తమ మొహాలు అంత పెద్దగా కనబడేసరికి జనం ఆగలేకపోయారు. ఈలలు వేశారు. "జై గంగమ్మా!" అని కేకలు పెట్టారు. "అగో, నేను! ఎర్ర చీర!" అని ఒకామె కుర్చీ ఎక్కింది. తెర మీద చిన్నరాములు మోకాటి లోతు నీళ్లలో నిలబడి, కడవను ఏటి నీళ్లకు తాకించి ఎత్తి, అందులోంచి దోసిలి పట్టి తాగాడు. ఒకటి. రెండు. మూడు. "ఏరు సల్లగుంది..." అన్నాడు. హాలంతా చప్పట్లు.

ఆ చప్పట్లు అయిపోయేదాకా చలపతిరావు ఓపిగ్గా నిలబడ్డాడు.

"చూశారు కదా మేడం. నేను చెప్పింది కాదు. ఊరే చప్పట్లు కొట్టి చెప్పింది. ఏటి నీళ్లు విషమైతే ఈ పెద్దాయన ఏటేటా ఎలా తాగుతున్నారు? తాగి, ఏరు చల్లగా ఉందని ప్రమాణం ఎలా చేస్తున్నారు? పుట్లరేవులో ఏటి మీద చేసిన ప్రమాణానికి తిరుగులేదంటారు. మరి ఈ ప్రమాణం అబద్ధమా?"

చప్పట్లు కొట్టిన చేతులు కొట్టినచోటనే ఆగిపోయాయి. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏందో ఆ హాలుకు అప్పుడు తెలిసింది. ఎవరు ఏమనాలి? ప్రమాణం అబద్ధమంటే గంగమ్మ అబద్ధం. ప్రమాణం నిజమంటే ట్యాంకరు బంద్.

"చిన్నరాములు గారు ఎవరు? ఒకసారి ముందుకు రండి" అంది మహిత.

చివరి వరసలోంచి ముసలాయన లేచాడు. కట్టె లేకుండా నడిచొచ్చాడు. మైకు దగ్గర నిలబడి దానికి మొక్కాడో, ఆఫీసరమ్మకు మొక్కాడో తెలియలేదు.

సునంద కుర్చీ అంచుకు జరిగింది. నిజం తెలిసింది ఇద్దరికే, ఆయనకూ తనకూ. మామ చెప్పేస్తే బాగుండు. "డ్రమ్ము నీళ్లు తాగిన" అని ఒక్క మాట. కానీ ఆ మాటతో తరతరాలుగా కడవ ఎత్తే హక్కు తమ ఇంటిది కాకుండా పోతుంది. దేవతను మోసం చేసినోడు అని ఊరు మొహాన ఉమ్ముతుంది. ఆయన చెప్పకపోతే? మెస్సు మూతపడుతుంది, అది పోనీ. రవళి చేతులు ఆమె కళ్ల ముందు మెదిలాయి. ఇంటర్ చదివే బిడ్డ. ఏడాదిగా మోచేతుల దాకా పొక్కులు, గోకితే రసి. సంగారెడ్డి డాక్టరు, "ఏ నీళ్లు వాడుతున్నారు?" అని అడిగాడు. "ట్యాంకరు నీళ్లే సార్, మా ఆయనే తెస్తడు" అని గర్వంగా చెప్పింది తను. "అయితే నీళ్లతో వచ్చింది కాదులే" అని మలాము రాసిచ్చాడు. మంచినీళ్లు పోసుకుంటేనే బిడ్డ ఒళ్లు ఇట్లా ఉంటే, ఆ నల్లటి ఏటి నీళ్లు పోసుకుంటే ఏమైతది?

"పెద్దాయనా, పండుగనాడు మీరు తాగింది ఏటి నీళ్లేనా?" మహిత అడిగింది.

చిన్నరాములు తల ఎత్తాడు. ఆఫీసరమ్మను చూడలేదు, చలపతిరావును చూడలేదు. హాలంతా దాటి తలుపు దగ్గర నిలబడ్డ కొడుకును చూశాడు.

"ఏటి నీళ్లే" అన్నాడు.

"ప్రమాణంగా?"

"కడవ ఎత్తిన చేతి మీద ప్రమాణం. ఏటి నీళ్లే."

చలపతిరావు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. సునందకు తను ఎప్పుడు లేచిందో తెలియదు.

"అబద్ధం!"

మైకు అక్కర్లేకపోయింది. మూడు షిఫ్టుల కుర్రాళ్లను అన్నానికి కేకేసి పిలిచిన గొంతు అది.

"అబద్ధం మేడం! అవి ఏటి నీళ్లు కావు. నా మెస్సు డ్రమ్ము నీళ్లు. ట్యాంకరు నీళ్లు. పండుగనాడు నా కండ్లతోటి చూసిన. కడవ డ్రమ్ముల ముంచిండు మా మామ!"

హాలు మీద పిడుగు పడ్డట్టయింది. కుర్చీలు వెనక్కి పడ్డాయి.

"ఏయ్ సునందా! నోరా అది మోరా?" దేవమ్మే ముందు లేచింది. "అమ్మోరి కడవను అట్లంటవా?"

"అవు, అన్న! మల్ల అంట! నువ్వు రోజు కూరగాయలు కడిగేది ఏ నీళ్లతోటి దేవమ్మా? ఏట్ల కడుగుతున్నవా? కడుగవు. నీకు ఎరుకనే. మరి ఎనుకటి నుంచి మా మామ ఒక్కడే ఆ విషం తాగుతున్నడని చప్పట్లెట్ల కొట్టినం? తాగితే బతుకుతడా అని ఒక్కలమన్న సోచాయించినమా? మనకు పండుగ కావాలె, తమాష కావాలె. గా సారుకు గదే కావాలె. మన చప్పట్లు మన గొంతుకే ఉరి అయితున్నయి!" ఆమె చలపతిరావు వైపు తిరిగింది. "నువ్వేమంటున్నవ్ సారూ? ఏరు మళ్ల మా ఏరయిందా? మా ఏటిని తిన్నరు. మా చేపలను తిన్నరు, బర్రెలను తిన్నరు. ఇగ మా దేవుని పండుగ ఒక్కటి మిగిలిందని దాన్ని గూడ కెమెరాల పట్టుకొచ్చి సాక్ష్యం చేసినవ్. నీ ఇంట్ల గిట్ల ఎవలన్న చేస్తే ఊకుంటవా?"

"మేడం, ఇది వాళ్ల కుటుంబ తగాదా..." చలపతిరావు గొంతులో మొదటిసారి మెత్తదనం చిరిగింది.

"ఆగండి" అంది మహిత. ఆమె మొహంలో అలసట పోయింది. "చిన్నరాములు గారూ, మీ కోడలు చెప్పేది అబద్ధమా?"

ముసలాయన మైకు కాడను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నా కోడలు అబద్ధమాడలే మేడం. నేను గూడ ఆడలే."

"అదెట్లా? ఎవరో ఒకరిది కావాలి కదా?"

"కడవ ఆమె డ్రమ్ములనే ముంచిన. నిజమే. ఎన్నో ఏండ్ల నుంచి అట్లనే ముంచుతున్న. ఏరు చెడ్డ కొత్తల ఒక్కసారి నిజంగనే ఏటి నీళ్లు తాగిన. కాలిన రబ్బరు వాసన, గొంతుల మిరపకారం. కక్కి కక్కి మంచం పట్టిన. ఆ రుచి నాలిక మర్వలే. అప్పటిసంది ట్యాంకరు నీళ్లే తల్లికి పెట్టిన, నేను తాగిన. తప్పే. తల్లి నన్నేమన్న చెయ్యని." ఆయన మైకు కాడ వదిలాడు. "ఈ పండుగనాడు రేవుల నిలబడి మొదటి దోసిలి నోట్లె పోసుకున్న. రోజు ఇంట్ల తాగుతుంటే బ్లీచింగు వాసననుకున్న, రేవుల తాగంగనే ఎరుకైంది, అదే వాసన మేడం. అదే కారం. కక్కుదామంటే ఊరంత చూస్తున్నది. మూడు దోసిళ్లు మింగిన."

మహిత కాగితం ముందుకు లాక్కుని రాయసాగింది.

"డ్రమ్ముల నీళ్లకు ఆ వాసన ఎట్లొచ్చిందని నా పాణం ఊకోలే. మల్లా దినం నుంచి ట్యాంకరు ఎంబడి నడిచిన. అది సంగారెడ్డి దిక్కు పోతలేదు మేడం. మూతబడ్డ మిల్లు ఎనకకు పోతున్నది. ఆడ ఏటి ఒడ్డున పాత మోటరు బాయి ఉన్నది. ఏటి ఊట నీళ్లే అందుట్లకు దిగుతయి. జెర తేర్చి, బ్లీచింగు కలిపి, గవే తెచ్చి ఊరికి పోస్తున్నరు." ఆయన కోడలి వైపు తిరిగాడు. "అందుకే అన్న బిడ్డా, ఏటి నీళ్లే అని. నువ్వు వండేది గవే. రవళి తానం చేసేది గవే. మనూరంత తాగేది గవే."

ఒకామె సంకలో పిల్లను చూసుకుంది. ఇంకొకాయన చేతిలో నీళ్ల గ్లాసును, పాము అన్నట్టు, మెల్లగా కింద పెట్టాడు. కమాలుద్దీన్ తన గోడకు తనే ఆనుకుని, "యా అల్లా... కంచెనే చేను మేసిందా?" అన్నాడు.

సునందకు మలాము డబ్బా గుర్తొచ్చింది. "అయితే నీళ్లతో వచ్చింది కాదులే." ఆ మాట డాక్టరు అన్నాడు. అలా అనేట్టు చేసింది తను.

"మరి ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదు?" మహిత అడిగింది.

చిన్నరాములు తుండుగుడ్డ అంచు మళ్లీ మూతికి అడ్డం పెట్టుకున్నాడు. దేవమ్మ మెల్లగా, తనలో తను అన్నట్టు అంది:

"ట్యాంకరు తోలేది ఎవలు?"

తలలన్నీ ఒక్కసారి తలుపు దిక్కు తిరిగాయి. సునంద అందరికంటే చివర తిరిగింది, తిరగడానికి మెడ రానట్టు. గోడ మీద మనిషి ఆనుకున్న మరక ఉంది. మనిషి లేడు.

బయట ట్యాంకరు గురకపెట్టి స్టార్టయింది.

చెప్పులు వదిలేసి ఉరికింది ఆమె. మెట్లు దిగేసరికే వెనక వాల్వు బార్లా తెరిచి ఉంది. నీళ్లు దబదబా దుమ్ములో పడి, కాలువ కట్టి, దారి తెలిసినట్టు రేవు దిక్కు పారిపోతున్నాయి. ఊరు తాగిన దానికి సాక్ష్యమంతా ఆమె పాదాల మీదుగా పోతున్నది. "బాటిల్ తీసుకురండి! ఎవరైనా ఆ నీళ్లు పట్టండి!" అని లోపల్నుంచి మహిత కేక వినిపిస్తున్నది. బండి కదిలింది.

సునంద దాని ముందుకొచ్చి నిలబడింది. రెండు చేతులూ చాచింది. బండి కీచుమని ఆగింది.

అద్దం వెనక శివశంకర్ మొహం కనిపించింది. ఇన్నేళ్లు కాపురం చేసిన మొహం. అందులో ఆమెకు తెలిసినవాడు లేడు.

"దిగు" అంది ఆమె. "దిగి, రవళి నాయనా, ఒక్క దోసిలి తాగు. తాగి, నాకేం తెల్వదని చెప్పు. నమ్ముత."

అతను హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. ఊరు ఊరంతా మోగింది ఆ చప్పుడు. ఆమె కదల్లేదు.

అతను గేరు వేశాడు.